డిమెన్షియా మీద పరిశోధన: ప్రశ్నలు రాసేటప్పుడే మనల్ని పిలవాలి. సిక్కోలు, విజయనగరం వాళ్లు రాయండి

నరసన్నపేట కోడలు

అందరికీ నమస్కారం. మా అత్తయ్యకి డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు. విశాఖలో డాక్టరు చెప్పి కొన్నేళ్లయింది. ఈమధ్య ఒక మెడికల్ కాలేజీ నుంచి ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. పెద్దవాళ్ల మతిమరుపు గురించి, వాళ్లని చూసుకునే ఇంటివాళ్ల గురించి సర్వే చేయబోతున్నారట. సర్వేలు మనకి కొత్త కాదు. అయితే ఈసారి సర్వే మొదలవకముందే కొన్ని కుటుంబాలని పిలిచి, ఈ ప్రశ్నలు బాగున్నాయా, అసలు అడగాల్సినవి ఇవేనా, మీ ఇళ్లకి ఏ టైముకి వస్తే మంచిది అని అడుగుతారట. అత్తయ్యని కూడా తీసుకురమ్మంది. ఆవిడతోనూ మాట్లాడతారట.

ఇంట్లో అప్పుడే గొడవ మొదలైంది. మా ఆయన "వాళ్ల చదువుల కోసం మనం తిరగడమెందుకు" అన్నారు. మా ఆడపడుచు "అమ్మకేటి తెలుస్తాది, నలుగురిలో నగుబాటు" అంది. నాకు మాత్రం వెళ్లాలనే ఉంది. ఇన్నేళ్లలో నన్ను ఎవరైనా అడిగిందల్లా మాత్రలు వేస్తున్నావా, రాత్రి పడుకుంటోందా అనే. పొద్దుగూకేసరికి ఆవిడ "మా ఇంటికి పోతాను" అంటూ గుమ్మం పట్టుకుని నిలబడుతుంది. స్నానానికి రమ్మంటే చెయ్యి ఎత్తుతుంది. అప్పుడు ఏం చేయాలో నాకిచ్చిన ఏ కాగితంలోనూ లేదు. ఎవరైనా దాని మీద పని చేయాలంటే, అది ముఖ్యమని వాళ్లకి చెప్పాల్సింది మనమే కదా.

ఇలాంటి మీటింగులకి వెళ్లినవాళ్లున్నారా? వెళ్తే ఏం అడగాలి? ఏ షరతులు పెట్టాలి?

ఉద్దానం కుర్రాడు

అక్కా, మాది ఉద్దానంలో కవిటి వైపు. మా దగ్గర పరిశోధన అంటేనే జనం మొహం తిప్పుకుంటారు. కిడ్నీ జబ్బు కోసం మా ఊళ్లకి ఎంతమంది వచ్చారో లెక్క లేదు. రక్తం, మూత్రం, బోరు నీళ్లు, మట్టి, అన్నీ పట్టుకెళ్లారు. మా పెదనాన్న పోయేదాకా ఒకటే అడిగేవాడు, "నా రక్తం పట్టుకెళ్లినోళ్లు ఏటి తేల్చారు?" అని. ఆయనకి జవాబు చెప్పడానికి ఎవరూ రాలేదు. ఎక్కడో ఇంగ్లీషులో అచ్చయ్యే ఉంటుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం పెట్టారు. డయాలసిస్‌కి విశాఖ పరిగెత్తే బాధ తగ్గింది, దానికి సంతోషం. కానీ జబ్బు ఎందుకొస్తోందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, తేలినంతవరకైనా మా వాళ్లకి అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు.

వెళ్లొద్దని అనను. వెళ్లండి. కానీ మొదటి మీటింగులోనే ఒక మాట రాయించుకోండి. పని అయ్యాక ఊళ్లోకి వచ్చి, ఏం తేలిందో తెలుగులో చెప్పాలి. ఏమీ తేలకపోతే ఆ మాటైనా వచ్చి చెప్పాలి.

పరిశోధక విద్యార్థిని, విజయనగరం

నేను పబ్లిక్ హెల్త్‌లో పరిశోధన చేస్తున్నాను. నరసన్నపేట అక్క దగ్గరికి వెళ్లిన బృందం వేరు, కానీ మేం చేస్తున్నదీ ఇలాంటి పనే. తమ్ముడు చెప్పిన మాట మా గైడ్లందరూ వినాలి.

ముందు ఈ పని ఎందుకు కావాలో చెబుతాను. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన లాసీ-డాడ్ అనే దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ, మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ. పిల్లలు వలస పోయిన మన పల్లెల్లో మిగిలింది ఎక్కువగా ఆ వయసు ఆడవాళ్లే. కానీ పరిశోధన వాళ్ల దాకా రాదు. 1998లో కొచ్చిలో 10/66 అని ఒక బృందం మొదలైంది. డిమెన్షియా ఉన్నవాళ్లలో 66 శాతం మంది పేద, మధ్యస్థ ఆదాయ దేశాల్లో ఉన్నా, జనం మధ్యకి వెళ్లి చేసే పరిశోధనలో పదో వంతు కూడా అక్కడ జరగడం లేదని ఆ పేరు పెట్టుకున్నారు.

ఇక మిమ్మల్ని ముందే ఎందుకు అడగాలంటే, మేం కూర్చుని రాసుకునే ప్రశ్నలూ మీకు కావాల్సిన జవాబులూ ఒకటి కావు. బ్రిటన్‌లో 2013లో డిమెన్షియా ఉన్నవాళ్లనీ, చూసుకునేవాళ్లనీ, నర్సులనీ, డాక్టర్లనీ కలిపి, దేని మీద పరిశోధన జరగాలో పది ప్రశ్నలు ఎంపిక చేయించారు. అందులో పెద్ద పీట వేసింది మందులకి కాదు. మనిషి వీలైనంతకాలం తన పనులు తాను చేసుకోవాలంటే ఏం చేయాలి, తినడం తాగడం తగ్గితే ఏం చేయాలి, ఇంకో జబ్బుతో ఆసుపత్రిలో చేరితే అక్కడ ఎలా చూసుకోవాలి, ఇంట్లో చూసుకునేవాళ్లకి ఎలా అండగా ఉండాలి, ఇలాంటివి. అక్క గుమ్మం దగ్గర ఎదుర్కొంటున్నదీ ఇదే.

మా సొంత అనుభవం ఒకటి. చూసుకునేవాళ్లకి ఎంత బరువుగా ఉందో కొలవడానికి జారిట్ అని 22 ప్రశ్నల జాబితా ఉంది, చాలా దేశాల్లో వాడతారు. గుర్ల వైపు ఒక ఊళ్లో మేం అది చదువుతుంటే ఒక కోడలు మమ్మల్ని ఆపేసింది. "అత్త పక్క మంచం మీదుంటే బరువుగా ఉందని నానెలాగ సెప్తాను?" అంది. ఆ జాబితా ఎన్ని దేశాల్లో పరీక్షకి నిలిచినా, ఆ గదిలో వచ్చే జవాబు మాత్రం అబద్ధమే. ఇప్పుడు ఆ ప్రశ్నలు పెరట్లోనో, పక్కింటి అరుగు మీదో విడిగా కూర్చుని అడుగుతున్నాం. ఇంకొకరు ఆ టైములో పెద్దావిడ దగ్గర ఉంటారు.

రాజాం నుంచి

ప్రశ్నల గురించి వచ్చింది కాబట్టి చెబుతాను. మా అమ్మకి జ్ఞాపకశక్తి పరీక్ష చేశారు. "ఇది ఏ జిల్లా?" అని అడిగారు. అమ్మ శ్రీకాకుళం అంది. తప్పని సున్నా వేశారు. 2022 ఏప్రిల్ 4న రాజాంని విజయనగరం జిల్లాలో కలిపారు. ఆవిడ పెళ్లి, రేషన్ కార్డు, పింఛను, అన్నీ సిక్కోలు జిల్లాలోనే అయ్యాయి. మా ఇంటి ఎదురుగా ఉండే, ఏ మతిమరుపూ లేని తాతగారు కూడా అదే చెబుతారు! పాలకొండ వాళ్లనీ ఇలాగే అడిగి ఉంటారు, ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా కదా.

తర్వాత తేదీ అడిగారు. అమ్మ "ఈ రోజు ఏకాదశి" అంది. నేను క్యాలెండర్ చూశాను, నిజంగానే ఏకాదశి. దానికీ మార్కు లేదు. ఆఖరికి పెన్సిల్ ఇచ్చి ఐదు మూలల బొమ్మలు రెండు గీయమన్నారు. జీవితంలో పెన్సిల్ పట్టని మనిషి. ఆ కాగితం కేసి చూస్తూ ఉండిపోయింది.

మా అమ్మకి జబ్బు లేదని నేను అనడం లేదు. ఉంది. కానీ ఈ లెక్కన కొలిస్తే జబ్బు లేనివాళ్లకీ ఉన్నట్టు తేలుతుంది. ప్రశ్నలు రాసే రోజు మా చెల్లెలు అక్కడ ఉండి ఉంటే ఈ మూడూ అప్పుడే చెప్పేసేది. సీతంపేట కొండల మీద సవర మాట్లాడే ముసలివాళ్లని తెలుగులో అడిగితే ఇంకెంత అన్యాయం జరుగుతుందో చూడండి.

పరిశోధక విద్యార్థిని, విజయనగరం

రాజాం అన్నయ్యా, మీరు చెప్పిన మూడూ రాసుకున్నాను. చదువురాని పల్లెవాళ్ల కోసం హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో 1990ల్లో హిందీలో ఒక పరీక్ష తయారుచేశారు, లాసీ-డాడ్‌లోనూ అదే వాడారు. అంటే దారి ఉంది. కానీ హరియాణా పల్లెకి సరిపోయింది తీసుకొచ్చి తెలుగులోకి మార్చేస్తే మన పల్లెకి సరిపోదు. తిథి చెబితే మార్కు ఇవ్వాలా అన్నది మీలాంటివాళ్లతో కూర్చునే తేల్చాలి.

నెల్లిమర్ల సిస్టర్

నర్సుగా రిటైరయ్యాను. ఆసుపత్రిలో పరిశోధనల అనుమతి కాగితాలు చాలా చూశాను. అమ్మా నరసన్నపేట, నువ్వు తప్పకుండా వెళ్లు. వెళ్లేముందు మీ హక్కులు తెలుసుకుని వెళ్లు.

దేశంలో వైద్య పరిశోధనలు చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నియమాల ప్రకారం, మనుషుల మీద చేసే ఏ పరిశోధనకైనా ఎథిక్స్ కమిటీ, అంటే అందులో పాల్గొనేవాళ్లకి అన్యాయం జరగకుండా చూసే కమిటీ, అనుమతి ఉండాలి. ఆ కమిటీలో డాక్టర్లే కాదు, ఒక మామూలు మనిషి కూడా సభ్యుడిగా ఉండాలి. మీకిచ్చే వివరాల కాగితం మీకర్థమయ్యే భాషలో ఉండాలి. సంతకం పెట్టాక ఒక కాపీ మీ చేతికి రావాలి, చాలామంది అడగరు, అడగండి. చదువురానివాళ్లయితే పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. మనిషి తానుగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే చట్టప్రకారం ప్రతినిధి సంతకం పెట్టొచ్చు. కానీ సంతకం కొడుకు పెట్టాడు కదా అని తల్లిని అడగడం మానేయకూడదు. ఆవిడకి అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఆవిడ ఒప్పుకుంటోందో లేదో చూడాలి. ఆవిడ వద్దంటే వద్దన్నట్టే. నోటితోనే చెప్పక్కర్లేదు. లేచి వెళ్లిపోవడం, మొహం తిప్పుకోవడం, చీర కొంగు నలుపుతూ కూర్చోవడం, వీటి అర్థం రోజూ చూసుకునేవాళ్లకి తెలుస్తుంది. డాక్టరుకి తెలియదు. అందుకే ఆ గదిలో మీరు ఉండాలి. ఒకసారి ఒప్పుకున్నారు కదా అని సరిపెట్టుకోకుండా, వచ్చిన ప్రతిసారీ అడగాలి. మధ్యలో మానేస్తే వైద్యంలో ఏ తేడా రాకూడదు.

మందుల ప్రయోగమైతే ఇంకా జాగ్రత్త. అది మన దేశంలో జరిగే ప్రయోగాల రిజిస్టరు సీటీఆర్ఐలో నమోదై ఉండాలి, 2009 నుంచి తప్పనిసరి. ఆ వెబ్‌సైట్ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నంబరు అడిగి మనవళ్లతో వెతికించండి. ప్రయోగం వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారో కాగితంలో ఉండాలి.

ఇంకోటి. సర్వేకి వచ్చేవాళ్లు ముందు చెవి, కన్ను చూడాలి. వినపడకపోతే జవాబు రాదు, దాన్ని మతిమరుపు అని రాసేస్తారు. థైరాయిడ్, బి12 లోపం, డిప్రెషన్ ఉన్నా మతిమరుపులాగే కనిపిస్తుంది, వాటికి వైద్యం ఉంది. అలాంటివాళ్లు బయటపడితే ఎక్కడికి పంపుతారు? విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రికా, పెదవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రికా? ఎవరు తీసుకెళ్తారు? దీనికి జవాబు లేకుండా జబ్బు పేరు చెప్పి వెళ్లిపోతే ఆ కుటుంబానికి టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు.

బొబ్బిలి లెక్కల మాస్టారు

నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. నాకు అల్జీమర్స్, డిమెన్షియాలో ఒక రకం, మొదటి దశ. బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. ఇప్పుడు సంతలో చిల్లర లెక్క తప్పుతోంది. పేర్లు ఆలస్యంగా వస్తున్నాయి. కానీ నాకేం కావాలో, ఏం వద్దో నాకు తెలుసు.

పైన అందరూ చూసుకునేవాళ్ల గురించే ఎక్కువ రాశారు. తప్పు లేదు, వాళ్లు పడే కష్టం నేను చూస్తున్నాను. అయినా నా మాట నేను చెప్పాలి. డాక్టరు దగ్గరకెళ్తే నేను ఎదురుగా కూర్చుని ఉండగా మా అబ్బాయిని అడుగుతారు, "నాన్నగారు తింటున్నారా" అని. నన్ను అడగండి. నేను తప్పు చెబితే అప్పుడు అబ్బాయిని అడగండి.

ప్రశ్న అడిగాక ఆగండి. జవాబు లోపల ఉంటుంది, బయటికి రావడానికి టైము పడుతుంది. అది వచ్చేలోపే రెండో ప్రశ్న వేస్తే మొదటిదీ పోతుంది, రెండోదీ పోతుంది. ఒక్కసారి కూర్చోబెట్టి గంటసేపు అడిగే బదులు రెండుసార్లు రండి. పొద్దున రండి. సాయంత్రం నేను నేనుగా ఉండను.

దేని మీద పరిశోధన చేయాలి అంటే, నా ప్రశ్న ఒకటి ఉంది. జబ్బు పేరు ఆ మనిషికి చెప్పాలా, వద్దా? చెబితే ఎలా చెప్పాలి? నాకు చాలాకాలం ఎవరూ చెప్పలేదు. మా వాళ్లు నా మీద ప్రేమతోనే దాచారు. నేను ఫైలులో చదివి తెలుసుకున్నాను. ముందే తెలిస్తే భూమి కాగితాలు, బ్యాంకు పనులు నా చేత్తో నేను సర్దుకునేవాణ్ని. మన ఊళ్లలో నాలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లు తెలుసుకోవాలనుకుంటున్నారో లేదో ఎవరైనా వాళ్లనే అడిగి చూశారా?

పరిశోధక విద్యార్థిని, విజయనగరం

మాస్టారూ, పాదాభివందనం. మీరు చెప్పినవి మా పుస్తకాల్లోనూ ఉండాల్సినవి. స్కాట్లాండ్‌లో 2002లో డిమెన్షియా ఉన్నవాళ్లే కలిసి ఒక బృందం పెట్టుకున్నారు. పరిశోధకులు తమతో ఎలా నడుచుకోవాలో 2014లో వాళ్లే సూత్రాలు రాశారు. అందులో టైము గురించి మీరు చెప్పిన మాటే ఉంది. మీ ప్రశ్నని మా గైడ్ దగ్గరికి పట్టుకెళ్తాను.

చీపురుపల్లి చిన్నోడు

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. మా నాన్నకి ఇలాంటి పరీక్షే చేశారు. వంద నుంచి ఏడేసి తీసేయమన్నారు. ఆగిపోయారు. ఇంటికొచ్చాక చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. "నన్ను పిచ్చోణ్ని చేసి కూర్చోబెట్టారు" అన్నారు. మాస్టారు మొదటి దశలో ఉన్నారు, ఆయన మాట విలువైనదే. మా నాన్న ఇప్పుడు నన్నే గుర్తుపట్టడం లేదు. అలాంటి మనిషిని మీటింగుకి తీసుకెళ్లి ఎవరికేం లాభం? ఆయన్ని ప్రశాంతంగా ఉండనివ్వడమే నేను చేయగలిగిన సేవ అనిపిస్తుంది.

నెల్లిమర్ల సిస్టర్

బాబూ, నువ్వు చెప్పింది నిజం. మీ నాన్నగారిని తీసుకెళ్లొద్దు. నువ్వు వెళ్లు. ఆ పరీక్ష తర్వాత ఆయన పడ్డ బాధ వెళ్లి చెప్పు. ఆగిపోయిన చోట ఆపేయాలని, చివర్లో ఆయన చేయగలిగే పని ఒకటి ఇచ్చి మంచి మాటతో ముగించాలని అక్కడ చెప్పాల్సింది నువ్వే. అది చూసినవాడివి కనుక.

జబ్బు ముదిరినవాళ్లని పూర్తిగా వదిలేస్తే ఇంకో నష్టం ఉంది. మంచాన పడ్డవాళ్లకి నొప్పి ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి, మింగలేకపోతే ఏం పెట్టాలి అన్నవి ఎప్పటికీ తేలవు. వాళ్లని విసిగించకుండా, దగ్గరుండి చూసి తెలుసుకునే పద్ధతులున్నాయి.

బొబ్బిలి లెక్కల మాస్టారు

చీపురుపల్లి బాబూ, వంద నుంచి ఏడు తీసేసే లెక్క నన్నూ అడిగారు. లెక్కల మాస్టారిని. మీ నాన్నగారికి ఎలా అనిపించిందో నాకు తెలుసు.

టెక్కలి వాడు, చెన్నైలో

ఎవరూ అనని మాట ఒకటి. కాగితాల మీద మా అమ్మ సంరక్షకుడిగా నా పేరుంది. సంతకాలు నావి, డబ్బు పంపేది నేను. కానీ అమ్మకి స్నానం చేయించేది, రాత్రిళ్లు లేచేది, బయటికెళ్లిపోతే వెతికేది మా వదిన. ఒకసారి ఫోన్ సర్వేలో నన్ను అరగంట అడిగారు. నాకు తెలిసిందంతా చెప్పాను, తెలిసింది చాలా తక్కువ. వదినని ఎవరూ అడగలేదు. మన జిల్లాల్లో సగం ఇళ్లు ఇలాగే ఉంటాయి, మగపిల్లలు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. మీటింగుకి "కుటుంబం తరఫున" ఎవరొస్తారంటే, పండగకొచ్చిన కొడుకు వెళ్లి కూర్చుంటాడు. దయచేసి రోజూ చేసేవాళ్లనే పిలవండి. వాళ్లు వస్తే ఆ పూట పెద్దావిడ దగ్గర ఎవరుంటారో ఏర్పాటు చేయండి. ఊడ్పుల టైములో, జీడి కోతల్లో పెట్టకండి.

గోవాలో 2008లో వచ్చిన ఒక అధ్యయనం గురించి చదివాను. డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, డిమెన్షియా ఉన్న ఇళ్లకి పంపారు. ఆరు నెలల్లో చూసుకునేవాళ్ల మనసు తేలికపడింది. మనకి ఆశా కార్యకర్తలున్నారు. ఇలాంటిది సిక్కోల్లో ఎందుకు చేసి చూడకూడదు? మా వదినకి ఏ కొత్త మందు కంటే అదే ఎక్కువ ఉపయోగం.

ఇచ్ఛాపురం అమ్మాయి

టెక్కలి అన్నా, సరిగ్గా చెప్పావు. ఇంటివాళ్ల మాటకి ఎంత విలువ ఉంటుందో ఒక ఉదాహరణ. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా ఉన్నవాళ్లని చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించారు. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. మొదటి మార్పు ఎప్పుడు కనిపించిందో ఎవరు చెప్పగలరు? ఇంట్లోవాళ్లే. వాళ్ల జ్ఞాపకం లేకపోతే ఆ అధ్యయనమే లేదు.

మా ఊళ్లో ఇంటింటా ఒడియా, తెలుగు రెండూ నడుస్తాయి. మా నాయనమ్మ ఇప్పుడు తెలుగు మర్చిపోతూ ఒడియాలోకి వెళ్లిపోతోంది. తెలుగు మాత్రమే వచ్చిన కోడలు ఆవిణ్ని ఎలా చూసుకోవాలి? మా సరిహద్దు ఊళ్ల ప్రశ్న ఇది. మేం చెప్పకపోతే ఎవరికీ తట్టదు.

ఉద్దానం కుర్రాడు

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. కూలి మానుకుని వెళ్లాలి కదా. వాళ్లకి జీతాలొస్తాయి, మనకి టీ, బిస్కెట్లా?

నెల్లిమర్ల సిస్టర్

దారి ఖర్చు, పోయిన కూలి ఇవ్వొచ్చు, నియమాలు ఒప్పుకుంటాయి. ఆశ చూపించి లాగేంత డబ్బు ఇవ్వకూడదన్నదే హద్దు.

టెక్కలి వాడు, చెన్నైలో

సలహా ఇవ్వడానికి పిలిచినవాళ్లకి దారి ఖర్చు ఒక్కటే చాలదని నా అభిప్రాయం. అది కూడా పనే. గ్రాంటు అడిగేటప్పుడే ఆ డబ్బు రాసుకోవాలి.

నరసన్నపేట కోడలు

ఇంత మంది రాస్తారనుకోలేదు. మాస్టారు రాసింది మా ఆయనకి, ఆడపడుచుకి చదివి వినిపించాను. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు కానీ ఆ పూట తాను ఇంట్లో ఉంటానన్నారు. అత్తయ్యని మొదటిసారి తీసుకెళ్లను. వాళ్లనే మా ఇంటికి రమ్మంటాను. ఆవిడకి తన అరుగు మీద భయముండదు, పొద్దున్న పూట జంతికలు చుట్టడం, నాగావళి వరదలు గురించి అడిగితే బాగా చెబుతుంది. నచ్చకపోతే లేచి లోపలికి పోతుంది, అప్పుడు ఆపేయమంటాను.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. ఫలితం ఊళ్లో చెప్పే మాట కాగితంలో రాస్తామంది, ఖర్చులు ఇస్తామంది. జబ్బు బయటపడినవాళ్లని ఎక్కడికి పంపుతారంటే మాత్రం ఇంకా అనుకోలేదంది. అది తేలేదాకా సర్వే మొదలుపెట్టొద్దని మీటింగులో చెబుతాను. జిల్లా ప్రశ్న, తిథి, స్నానం, సాయంత్రాలు, రోజూ చేసేవాళ్లని పిలవడం, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంకేమైనా ఉంటే వచ్చే గురువారం లోపు రాయండి.

ఉద్దానం కుర్రాడు

అక్కా, కాగితం ఇచ్చాక ఫోటో తీసి ఇక్కడ పెట్టు, పేర్లు చెరిపేసి. కంచిలి, సోంపేటల్లో ఇలా చూసుకుంటున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. వాళ్లకి చూపించి, ఏమంటారో అడిగి రాస్తాను.